చెట్టు బొమ్మ ఎలా నేరమయింది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో బీజింగ్ ‘పేరులేని చిత్రకారుల బృందం’ గురించి రాశాం. చైనాలో మావో నాయకత్వాన, పాత సంస్కృతినీ వేరే ఆలోచననూ అణచివేసిన ‘సాంస్కృతిక విప్లవం’ సాగిన 1966–76 మధ్య, ఫ్యాక్టరీ షిఫ్టు దిగి, సంచిలో చిన్న రంగుల పెట్టె పెట్టుకుని, పార్కులకూ ఊరి చివరికీ పోయి చెరువు గట్లూ మంచు పడ్డ కొమ్మలూ వేసుకొచ్చిన యువతీ యువకులు వాళ్ళు. 1974 డిసెంబర్ 31న జాంగ్ వేయ్ అనే సభ్యుడి ఇంట్లో, బయటివాళ్ళకు తెలియకుండా బొమ్మలు గోడలకు తగిలించి చూసుకున్నారు. జనం ముందు ప్రదర్శన పెట్టగలిగింది 1979లో, బేహాయ్ పార్కులో. అలా బొమ్మలు వేయడమే ఒక ప్రతిఘటన అన్నాం. ఆ వ్యాసం చదివి నెల్లూరు, ప్రకాశం వైపుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: ఆ బొమ్మల్లో జెండా లేదు, నినాదం లేదు. నాలుగు చెట్లు, ఒక చెరువు. దీన్ని ప్రతిఘటన అనడం మరీ పెద్ద మాట కాదాండీ? (ఒంగోలు)

జవాబు: బొమ్మ ఒక్కటే చూస్తే మీ అనుమానం న్యాయమైనదే. ఆ రోజుల్లో బొమ్మ ఎలా ఉండాలని శాసించారో దాని పక్కన పెట్టి చూడండి. అధికారిక చిత్రం ఎర్రగా ఉండాలి, వెలుగుతూ ఉండాలి, మెరవాలి. నాయకుడి ముఖంలో నీడకని చల్లని బూడిద రంగు వాడినా తప్పు పట్టేవారు. అలాంటి చోట సాయంకాలపు పొగమంచును బూడిద రంగులోనే వేసినవాడు, నా కంటికి ఇలా కనబడింది అంటున్నాడు. తన కన్ను చూసినదాన్ని నమ్మే హక్కు మనిషికి ఉందా లేదా అన్నదే అక్కడి తగువు.

సమయం సంగతీ ఉంది. పని అయ్యాక మనిషి సాయంత్రం కూడా సమావేశాలకూ రాజకీయ చదువులకూ జమ అయ్యేది. ఆ సాయంత్రంలోంచి గంట సేపు తప్పించుకుని, ప్రచారానికి పనికిరాని, అమ్ముడుపోని, ఎక్కడా పెట్టుకోలేని బొమ్మ వేయడం వాళ్ళు ఎంచుకున్న పని. సైజు కూడా దాన్నిబట్టే తగ్గింది. నోటు పుస్తకం అట్టంత బొమ్మయితే ఎవరైనా వస్తున్నారంటే పెట్టె మూత వేసేయవచ్చు.

భయం ఉత్తుత్తిది కాదు. షి లూ అనే పేరుమోసిన చిత్రకారుడు 1959లో ఉత్తర షాన్‌షీ కొండలను పెద్ద చిత్రంగా వేసి, కొండ కొమ్మున మావోను చిన్నగా, వీపు కనబడేలా నిలబెట్టారు. కొన్నేళ్ళకు దాని మీద నేరం మోపారు: నాయకుణ్ణి జనం నుంచి విడదీశావు, లోయ అంచున దారిలేకుండా నిలబెట్టావు అని. కొండల బొమ్మే ఆయన మెడకు చుట్టుకుంది. 1974లో బీజింగ్‌లో ‘నల్ల బొమ్మలు’ అని పేరు పెట్టి, తప్పుడు చిత్రాల ప్రదర్శన నడిపారు. హువాంగ్ యోంగ్యూ వేసిన గుడ్లగూబ ఒక కన్ను మూసుకుని ఉన్నందుకు, అది సోషలిజాన్ని చూసి కన్ను మూసుకోవడమేనని నిందించారు. పేరులేని బృందం ఇంట్లో ప్రదర్శన పెట్టుకున్నదీ ఆ సంవత్సరమే.

ఇక్కడే ఒక జాగ్రత్త. ప్రకృతి దృశ్యం తనంతట తాను ఎవరి పక్షమూ కాదు. 1937లో మ్యూనిక్‌లో నాజీలు రెండు ప్రదర్శనలు పెట్టారు. ఒకటి ‘దిగజారిన కళ’ అని ఆధునిక చిత్రాలను అవమానించడానికి, రెండోది తాము మెచ్చిన కళను చూపడానికి. మెచ్చిన కళలో ప్రకృతి దృశ్యాలకు పెద్ద పీట వేశారు. దున్నిన చేలు, కొండలు, పల్లె ఇళ్ళు – మాతృభూమి పేరుతో అవన్నీ వాళ్ళ ప్రచారానికే పనికొచ్చాయి. కాబట్టి ఏ చేను బొమ్మ కనబడినా ప్రతిఘటన అనేయకండి. అప్పుడు ఏం వేయమన్నారు, ఈయన ఏం వేశాడు, దానికి ఏం పోగొట్టుకున్నాడు అని అడగండి. మూడో ప్రశ్నకు జవాబు దొరక్కపోతే పెద్ద మాట వాడకపోవడమే మంచిది.

ప్రశ్న: జర్మన్ చిత్రకారుడు ఎమిల్ నోల్డె నాజీల నిషేధాన్ని ధిక్కరించి చాటుగా వందల నీటిరంగుల బొమ్మలు వేశాడని చదివాను. మీ వ్యాసంలో ఆయన పేరే లేదేం? (నెల్లూరు)

జవాబు: కావాలనే వదిలేశాం. మ్యూజియంల నుంచి ఆయన బొమ్మలు వెయ్యికి పైగా జప్తు చేశారు, 1941లో వృత్తి చేయకుండా నిషేధించారు, ఇవి నిజం. కానీ ఆయన నాజీ పార్టీ సభ్యుడు, యూదుల మీద ద్వేషం ఉన్నవాడు, చివరిదాకా ఆ ప్రభుత్వ ఆదరణ కోసం ఎదురు చూసినవాడు. 2019లో బెర్లిన్‌లో జరిగిన ప్రదర్శన ఆయన ఉత్తరాలనూ కాగితాలనూ ముందు పెట్టి ఈ సంగతి తేల్చింది. ఆ ఏడాదే జర్మనీ ఛాన్సలర్ కార్యాలయంలో ఉన్న ఆయన బొమ్మలు దించేశారు. రంగులు అద్భుతం, చూడండి. వీరుడిగా మాత్రం లెక్క వేయకండి.

ప్రశ్న: సంచిలో పట్టే రంగుల పెట్టె అని రాశారు. కొలతలిస్తే ఇక్కడి వడ్రంగి చేత చేయించుకుంటాను. (కావలి)

జవాబు: ఇది ఈ కాలపు అవసరానికి సరిపోయే కొలత. బొమ్మ సైజు 7 × 5 అంగుళాలు అనుకుందాం. పెట్టె లోపలి కొలత 7¼ × 5¼ అంగుళాలు. కింది అర లోతు 1½ అంగుళం, మూత లోతు 1 అంగుళం. 6 మి.మీ. ప్లైవుడ్ చాలు, అంతకంటే మందమైతే చెయ్యి నొప్పి పుడుతుంది. వెనక రెండు చిన్న బందులు, ముందు ఒక కొక్కెం.

అసలు కిటుకు మూతలో ఉంది. లోపలి రెండు పొడుగు పక్కలా సన్న చెక్క బద్దీలు అతికించి రెండేసి గాళ్ళు చేయించండి, గాడి వెడల్పు 4 మి.మీ., గాడికీ గాడికీ మధ్య పావు అంగుళం ఖాళీ. 3 మి.మీ. అట్ట వాటిలోకి జారుతుంది. ముందు గాడిలో ఉన్న అట్ట మీద బొమ్మ వేస్తారు, అయ్యాక దాన్ని వెనక గాడిలోకి మార్చి ముందు కొత్తది పెడతారు. మధ్య ఖాళీ వల్ల తడి రంగు దేనికీ అంటదు. ఆ పావు అంగుళం వదలడం మరిచిపోతే ఇంటికి చేరేసరికి రెండు బొమ్మలూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. అట్టలు దూర్చడానికి మూతకు ఒక పొట్టి పక్క తెరిచి ఉంచి, దానికి తిరిగే చిన్న చెక్క అడ్డు పెట్టించండి.

మూత పూర్తిగా వెనక్కి పడిపోకుండా పక్కన బలమైన దారం కట్టాలి. నిటారు కంటే కొంచెం వెనక్కి, అంతే. మరీ వాలితే ఆకాశపు వెలుతురు తడి రంగు మీద పడి తళతళలాడుతుంది, రంగు లోతు తెలియదు. పెట్టె అడుగున అరచెయ్యి దూరేలా గుడ్డ పట్టీ కొట్టించండి. కెమెరా స్టాండు ఉన్నవాళ్ళు పావు అంగుళం మర పట్టే ఇనుప నట్టు అడుగున బిగిస్తే నిలబడి వేసుకోవచ్చు.

రంగులు కలిపే పలక కోసం కింది అర మీద కూర్చునే ప్లైవుడ్ ముక్క కోయించి, అవిసె నూనె రోజుకొక పూత చొప్పున మూడు పూతలు పట్టించి గుడ్డతో తుడవండి. నూనె పట్టించని చెక్క రంగులోని నూనెను పీల్చేస్తుంది, పావుగంటలో రంగు గట్టిబడి కుంచెకు రాదు. తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేయవద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉన్న గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. తీగ మీద విడిగా ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచండి.

ఐదు రంగులు చాలు: తెలుపు, యెల్లో ఓకర్, లెమన్ యెల్లో, బర్న్‌ట్ సియెన్నా, అల్ట్రామెరైన్ నీలం. తెలుపు రెండు అంగుళాలు, మిగతావి అర అంగుళం చొప్పున పిండితే ఒక బొమ్మకు సరి. 2, 4, 6 నంబర్ల చదును కుంచెలు తీసుకుని కాడలు 7 అంగుళాలకు కోసేయండి, లేకపోతే మూత పడదు. టర్పెంటైన్ 20 మి.లీ. సీసాలో, గట్టి మూతతో.

ప్రశ్న: అట్ట మీద నూనె రంగు వేస్తే రెండు రోజులకే వెలవెలబోతోంది, అంచులు లేస్తున్నాయి. (కందుకూరు)

జవాబు: మీ అట్టకు అస్తరు, అంటే రంగుకు ముందు వేసే పూత, లేదు. రంగులోని నూనె అట్టలోకి దిగిపోతే పైన పొడి మాత్రమే మిగులుతుంది, అందుకే కళ తప్పుతుంది. ఏళ్ళు గడిస్తే అదే నూనె అట్ట నారను పెళుసు చేసి విరగ్గొడుతుంది. 2 నుంచి 3 మి.మీ. బూడిద అట్ట తీసుకోండి. వడ్రంగి వాడే సరేసు 10 గ్రాములకు నీళ్ళు 130 గ్రాములు పోసి రాత్రంతా నానబెట్టండి. పొద్దున వేడినీళ్ళ గిన్నెలో ఆ గిన్నె పెట్టి కరిగించండి. ఉడకనిస్తే జిగురు బలం పోతుంది, వేలు పెట్టి ఓర్చుకోలేనంత వేడి అయితే దించేయాలి. ముందు, వెనక, నాలుగు అంచులు – అన్నిచోట్లా రెండు పూతలు వేసి పూతకూ పూతకూ మధ్య ఆరనివ్వండి. మీ అంచులు లేచింది ఒకవైపే రంగు పట్టించినందుకు. ఆరేటప్పుడు ఆ పక్క ముడుచుకుని అట్టను లాగేస్తుంది. తొందరైతే యాక్రిలిక్ గెస్సో రెండు పూతలు ఇదే పద్ధతిలో వేయవచ్చు.

ప్రశ్న: పెన్నా ఇసుక వేస్తే సున్నం కొట్టినట్టు వస్తోంది. వాళ్ళ బొమ్మల్లోలాగా ఆ బూడిద ఎలా తేవాలి? (ఇందుకూరుపేట)

జవాబు: ఇసుకకు ఒట్టి తెలుపు వాడుతున్నారు. తెలుపు 8 పాళ్ళు, యెల్లో ఓకర్ 1 పాలు, బర్న్‌ట్ సియెన్నా కుంచె కొసకు అంటినంత కలపండి. ఇసుకలో అడుగుజాడల నీడల్లో పైనున్న నీలం దిగుతుంది, కాబట్టి అక్కడ అల్ట్రామెరైన్, సియెన్నా, తెలుపు. నల్ల ట్యూబు ముట్టుకోవద్దు. అల్ట్రామెరైన్ 2, సియెన్నా 1 కలిపితే చల్లని బూడిద. నిష్పత్తి తిరగేస్తే వెచ్చని బూడిద. ఈ రెండిటికీ తెలుపు హెచ్చుతగ్గులుగా కలిపి ముందుగా ఒక ముక్క మీద ఎనిమిది గళ్ళు వేసి చూసుకోండి. బీజింగ్ వాళ్ళ బొమ్మల్లో పొగమంచు ఊపిరి పోసుకునేది ఆ వెచ్చని, చల్లని బూడిదలు పక్కపక్కన పడినందుకే. నలుపూ తెలుపూ కలిపిన బూడిదకు ఆ ప్రాణం రాదు.

కూర్చోవడం పొద్దున 8 లోపు, లేదా సాయంత్రం నాలుగున్నర తర్వాత. కళ్ళు సగం మూసి మొత్తం దృశ్యాన్ని మూడు ముద్దలుగా విడదీయండి: ఆకాశం, ఇసుక, ఆవలి గట్టు. ఏది అన్నిటికంటే లేత, ఏది ముదురు అని తేల్చుకున్నాకే కుంచె పట్టండి. ఎండ పడ్డ ఇసుక చాలాసార్లు ఆకాశం కంటే వెలుతురుగా ఉంటుంది. ఆకాశం ఎప్పుడూ లేతగా ఉండాలన్న అలవాటు వల్లే బొమ్మ చెడుతుంది. మొదటి పది నిమిషాల్లో నీడల హద్దులు గీసేసి ఇక కదపవద్దు. సూర్యుడితోపాటు నీడల వెంట పరుగెత్తితే ఒకే చెట్టుకు రెండు వేళల నీడలు వస్తాయి. నలభై నిమిషాలకు ఆపండి. మైపాడు వైపు గాలి ఎక్కువ, తడి రంగులో ఇసుక రేణువులు పడతాయి. అప్పుడు తుడవకండి, ఆరాక వేలితో రాలిస్తే పోతాయి.

ప్రశ్న: మట్టి రంగులతో బొమ్మలు వేసిన పాలస్తీనా చిత్రకారుల గురించి రెండు ముక్కలే రాసి వదిలేశారు. వివరంగా రాయండి. మా ఎర్రమట్టితో కుదురుతుందా? (పొదిలి)

జవాబు: 1980లో రామల్లాలోని గ్యాలరీ 79ని ఇజ్రాయెల్ సైనిక అధికారులు మూయించారు. తర్వాత చిత్రకారులను పిలిపించి ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు కలిపి వేయవద్దన్నారనీ, అవి పాలస్తీనా జెండా రంగులు కనుక పుచ్చకాయ బొమ్మ వేసినా జప్తు చేస్తామన్నారనీ ఆ చిత్రకారుల్లో ఒకరైన స్లిమాన్ మన్సూర్ చెప్పారు. తామున్న నేలను, ఆలివ్ తోటలను వేస్తూనే వచ్చారు వాళ్ళు. 1987లో ఇంతిఫాదా (పాలస్తీనీయుల తిరుగుబాటు) మొదలయ్యాక మన్సూర్, నబీల్ అనానీ, వెరా తమారీ, తైసీర్ బరకాత్ కలిసి ఇజ్రాయెల్ నుంచి వచ్చే రంగులు, కాన్వాసు కొనడం మానేశారు. మన్సూర్ మట్టి పట్టారు, అనానీ తోలు మీద గోరింటాకు, ఇతర సహజ రంగులు వాడారు. నేలను బొమ్మగా వేయడం పోయి నేలతోనే బొమ్మ చేయడం వచ్చింది. మన్సూర్ పలకల మీద మట్టి ఎండి బీటలు వారింది. ఆయన ఆ బీటలను పూడ్చకుండా బొమ్మలో భాగంగానే ఉంచారు.

మీ మట్టితో నిక్షేపంగా కుదురుతుంది. పైపొర తీసేసి అర అడుగు లోతు నుంచి కిలో మట్టి తీయండి, పైన వేళ్ళూ చెత్తా ఉంటాయి. ఎండబెట్టి చితక్కొట్టి 5 లీటర్ల నీళ్ళలో బాగా కలపండి. అర నిమిషం ఆగితే ఇసుక అడుక్కి పోతుంది. పై నీళ్ళు ఇంకో బకెట్లోకి వంపి రాత్రంతా వదిలేయండి. పొద్దున తేరిన నీరు పారబోసి, అడుగున ఉన్న మెత్తని ఒండ్రును పళ్ళెంలో ఎండబెడితే అదే రంగు పొడి. సముద్రం పక్క ఊళ్ళవాళ్ళు ఈ కడుగుడు నాలుగుసార్లు చేయాలి. ఉప్పు మిగిలితే నెల తిరిగేసరికి బొమ్మ మీద తెల్లటి పొర తేలుతుంది, తుడిచినా మళ్ళీ వస్తుంది.

తుమ్మ బంక 1 పాలు, వేడి నీళ్ళు 2 పాళ్ళు తూచి రాత్రి నానబెట్టి, గుడ్డలో వడకట్టండి. 100 మి.లీ. బంక నీళ్ళకు అర చెంచా తేనె, రెండు చుక్కల లవంగ నూనె. తేనె పగుళ్ళు రాకుండా, లవంగం బూజు రాకుండా చూస్తాయి. పొడి 2 పాళ్ళకు ఈ బంక నీళ్ళు 1 పాలు పోసి రాతి మీద నూరండి. కాగితం మీద ఒక పట్టీ వేసి ఆరాక వేలితో రుద్దండి. పొడి రాలితే బంక చాలలేదు. మెరిసి పెచ్చులు లేస్తే ఎక్కువైంది. మట్టిమట్టికీ ఈ కొలత మారుతుంది, అందుకే పరీక్ష తప్పనిసరి.

ఒంగోలు వైపు నల్లరేగడి వేరే రకం. నీళ్ళు తాగి ఉబ్బి, ఎండితే ముడుచుకునే మట్టి అది. పలచని పూతగా వేస్తే చక్కని ముదురు బూడిద, మందంగా వేస్తే పొలంలాగే నెర్రెలిస్తుంది. మన్సూర్ తరహాలో మందంగా కావాలంటే చెక్క పలక మీద, ఎర్రమట్టి 3, సన్న ఇసుక 1, తరిగిన వరిగడ్డి గుప్పెడు, సరేసు నీళ్ళతో కలిపి ఒక్కో పొర పావు అంగుళానికి మించకుండా పట్టించండి, నీడలో ఆరనివ్వండి. ఎండలో ఆరబెడితే పైన గట్టిబడి లోపల తడి ఉండి పెచ్చులుగా ఊడుతుంది. మార్కాపురం పలకల రాతిపొడి మంచి బూడిదనిస్తుంది, కానీ దాన్ని పొడిగా నూరకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుందని పలకల పనివాళ్ళ ప్రాంతంలో చెప్పనక్కరలేదు. తడిపి, మూతికి మాస్కు కట్టుకుని నూరండి. గోరింటాకు రంగు ఎండకు వెలిసిపోతుంది, కాబట్టి ఆ బొమ్మ కిటికీ ఎదుట పెట్టవద్దు.

ప్రశ్న: మట్టి లేకుండా మొక్క వేసిన చైనా కవి గురించి ఎక్కడో విన్నాను. ఎవరాయన? (ఆత్మకూరు)

జవాబు: జెంగ్ సిషియావ్, 1241–1318. దక్షిణ సోంగ్ రాజ్యం 1279లో మంగోలుల చేతిలో అంతమయ్యాక ఆయన ఆర్కిడ్ మొక్కలను వేళ్ళ కింద నేల లేకుండా వేశారు. నేల పరుల పాలయింది కదా, ఎక్కడిదని వేయను అన్నది ఆయన జవాబుగా చెబుతారు. 1306 నాటి ఒక చుట్ట జపాన్‌లోని ఒసాకా మ్యూజియంలో ఉంది. పది, పదిహేను ఆకులు, ఒక పువ్వు, అంతే బొమ్మ. మంగోలుల పాలన చివరి దశలో ని జాన్, 1301–1374, ఇంకో దారి పట్టారు: ఏటి ఒడ్డు, నాలుగు బక్క చెట్లు, ఖాళీ మండపం, మనిషి జాడ లేదు. ఆరిన కుంచెతో, తక్కువ సిరాతో వేసిన ఆ బొమ్మలను వీలైతే పెద్ద ముద్రణలో చూడండి.

ప్రశ్న: జర్మన్ చిత్రకారుడు ఒట్టో డిక్స్ వెండి తీగతో కొండలు గీశాడని రాశారు. వెండితో కాగితం మీద గీత పడుతుందా? నేను ప్రయత్నిస్తే ఏమీ పడలేదు. (ఉదయగిరి)

జవాబు: మామూలు కాగితం మీద పడదు. కాగితానికి గరుకు పూత కావాలి, ఆ గరుకు వెండిని అరగదీసి పట్టుకుంటుంది. 200 గ్రాముల పైబడిన మందపు కాగితం మీద జింక్ వైట్ గువాష్ (నీళ్ళలో కలిపే చిక్కని తెల్ల రంగు) పాలలా పలచన చేసి మూడు పూతలు, ఒకటి అడ్డంగా ఒకటి నిలువుగా వేయండి. కంసాలి దగ్గర 1 మి.మీ. వెండి తీగ అంగుళంన్నర ముక్క తీసుకుని, అదే లావు ముల్లు పట్టే క్లచ్ పెన్సిల్లో బిగించి, కొసను సన్న ఉప్పుకాగితం మీద గుండ్రంగా అరగదీయండి. సూదిలా చెక్కితే పూతను చీల్చేస్తుంది. నొక్కినా గీత ముదరదు, పొరలు పొరలుగా గీస్తూ పోవాలి. చెరిపే వీలు లేదు. మొదట బూడిదగా ఉండే గీత గాలి తగిలి నెలల మీద గోధుమ రంగుకు తిరుగుతుంది.

డిక్స్‌ను 1933లో నాజీలు డ్రెస్డెన్ అకాడమీ ఉద్యోగం నుంచి తీసేశారు. మ్యూజియంలలో ఉన్న ఆయన పనులు 260 దాకా జప్తు అయ్యాయి. యుద్ధ బీభత్సాన్ని నగ్నంగా చూపిన మనిషి, స్విట్జర్లాండ్ సరిహద్దు దగ్గరి పల్లెలకు చేరి కొండలూ మంచూ వేయాల్సివచ్చింది. ఆయన ప్రకృతి మీద ప్రేమతో అటు వెళ్ళలేదు, తరిమితే వెళ్ళాడు. 1935లో వేసిన రాండెగ్ యూదుల శ్మశానం బొమ్మ చూస్తే ఆ బలవంతంలోంచి ఆయన ఏం చేశాడో తెలుస్తుంది. వెనక కొండ, ముందు మంచు, ఆ మంచులో యూదుల సమాధి రాళ్ళు. యూదుల హక్కులను చట్టంతో ఊడబెరికిన సంవత్సరం అది. చూడటానికి మంచు దృశ్యమే.

ప్రశ్న: తెల్లవాళ్ళ కాలంలో మన దగ్గర ఇలాంటిది లేదా? (నెల్లూరు, మూలాపేట)

జవాబు: మన వైపు ధిక్కారం పలికింది ఎక్కువగా పాటలో, నాటకంలో, హరికథలో. బొమ్మల విషయంలో దేశం మొత్తం మీద చూడాలి. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్, బినోద్ బిహారీ ముఖర్జీ తెల్లవాళ్ళ ఆర్టు స్కూళ్ళు నేర్పిన తైలవర్ణ పద్ధతిని పక్కన పెట్టి, బీర్భూం ఎర్రనేలను, తాటిచెట్లను తమ పద్ధతిలో వేశారు. 1938 హరిపురా కాంగ్రెస్‌కు గాంధీజీ కోరితే నందలాల్ చేతి కాగితం మీద మట్టిరంగులతో పల్లె జీవితాన్ని పలకలుగా వేశారు. రాజమండ్రిలో దామెర్ల రామారావు, 1897–1925, తెలుగు నేలనూ మనుషులనూ తెలుగు కంటితో చూపారు. ఇవి చాటుగా చేసినవి కావు, వీళ్ళను బీజింగ్ వాళ్ళతో ఒకే గాటన కట్టలేం. నేరుగా దెబ్బ తిన్నది చిత్తప్రసాద్: 1943 బెంగాల్ కరువును గీసి అచ్చువేసిన పుస్తకం ప్రతులను ప్రభుత్వం పట్టుకుని ధ్వంసం చేసింది.

మీరు వేయదలుచుకుంటే స్థలాలకు కొదవ లేదు. 1930లో ప్రకాశం పంతులు ఉప్పు సత్యాగ్రహం నడిపిన దేవరంపాడు, 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించిన పల్లెపాడు ఆశ్రమం, పక్కనే పెన్నా. విగ్రహమూ బోర్డూ వదిలేసి, ఆ ఉప్పు నేలను, ఆ గట్టును వేయండి.

ప్రశ్న: నాన్నగారి నూనె రంగుల బొమ్మలు ఇరవై ఏళ్ళు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. తీస్తే అన్నీ పసుపెక్కాయి. బీజింగ్ వాళ్ళవి దాచినా బాగున్నాయి కదా? (కొత్తపట్నం)

జవాబు: కంగారు పడకండి, చీకట్లో ఉంచితే అవిసె నూనె పసుపెక్కుతుంది, దాచిన ప్రతి తైలచిత్రానికీ ఇది తప్పదు. వార్నిష్ పూయనివైతే నేరుగా ఎండ పడని, బాగా వెలుతురున్న గదిలో కొన్ని వారాలు నిలబెట్టండి. నూనె పసుపు చాలావరకు వెనక్కి పోతుంది. పాత వార్నిష్ పసుపయితే వెలుతురుకు పోదు, అది మ్యూజియం పనివాళ్ళు చేయాల్సిన పని. స్పిరిట్, సబ్బు, బంగాళాదుంప ముక్క – ఇవేవీ దగ్గరికి రానివ్వకండి.

మళ్ళీ పెట్టేటప్పుడు ప్లాస్టిక్ చుట్టవద్దు, మన తేమకు లోపల చెమట పట్టి బూజు వస్తుంది. ఉతికిన నూలు గుడ్డ చుట్టండి. వార్తాపత్రిక తగలనివ్వకండి, దాని సిరా అంటుతుంది, కాగితంలోని ఆమ్లం తినేస్తుంది. కలరా ఉండలు కూడా వద్దు, వాటి ఆవిరి వార్నిష్‌ను మెత్తబరుస్తుంది. పెట్టె నేలకు అడుగు ఎత్తున ఉండాలి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాను నీళ్ళ భయం మీకు తెలిసిందే. కాన్వాసు చుట్టాల్సివస్తే రంగు వైపు బయటికి ఉండేలా, కనీసం ఆరు అంగుళాల గొట్టం మీద చుట్టండి. రంగు లోపలికి పెట్టి చుడితే పొర నలిగి విప్పినప్పుడు పెచ్చులు రాలుతుంది.

ప్రశ్న: హైస్కూల్లో డ్రాయింగ్ చెబుతాను. పిల్లకాయలు కొండ, సూర్యుడు, గుడిసె అని ఒకే బొమ్మ వేస్తారు. ఈ చరిత్రను నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో ఎలా అందించాలి? (దర్శి)

జవాబు: చరిత్ర పాఠం ఐదు నిమిషాలకు మించొద్దు. రెండు సంగతులు చెప్పండి. 1942లో అమెరికా తన పడమటి తీరంలోని జపనీయ మూలాల వాళ్ళు సుమారు 1,20,000 మందిని శిబిరాల్లో పెట్టింది. కెమెరాలు నిషిద్ధం. చియురా ఒబాతా అనే చిత్రకారుడు మొదట టాన్‌ఫొరాన్, తర్వాత టొపాజ్ శిబిరంలో బొమ్మల బడి నడిపి, ఆ ఎడారినీ కొండలనూ బారకాసులనూ వేశారు, వేయించారు. రెండోది టెరెజిన్. నాజీలు యూదులను బంధించిన ఆ ఊళ్ళో ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ పిల్లలకు బొమ్మలు నేర్పారు. ప్రతి బొమ్మ మీద పిల్లవాడు తన పేరు రాయాలని పట్టుబట్టారు. 1944లో ఆమెను ఔష్విట్జ్ మరణ శిబిరానికి తరలించి చంపారు. ఆమె రెండు సూట్‌కేసుల్లో దాచిన సుమారు 4,500 బొమ్మలు మిగిలాయి.

తర్వాత పిల్లలను తరగతి బయటికి తీసుకురండి. పోస్టుకార్డంత అట్టలో 2 × 3 అంగుళాల కంత కోసి ఒక్కొక్కరికీ ఇవ్వండి. ఒక కన్ను మూసి కంతలోంచి కనబడింది మాత్రమే వేయాలి: గోడ మూల, నీళ్ళ ట్యాంకు, వేపకొమ్మ, ఏదైనా సరే. కంత కళ్ళకు దగ్గరగా పెట్టుకుంటే దృశ్యం మరీ పెద్దదై తికమక పడతారు, చేయి చాచి పట్టుకోమనండి. 2బీ పెన్సిలుతో పదిహేను నిమిషాలు, ఒకటే నీడ రంగుతో పది నిమిషాలు. కొండా సూర్యుడూ ఎవరైనా వేస్తే తిట్టకుండా, కంతలో ఎక్కడ కనబడ్డాయో చూపించమని అడగండి. చివరి ఐదు నిమిషాల్లో బొమ్మ వెనక పెన్సిలుతో పేరు, తేదీ, వేళ, కూర్చున్న చోటు రాయించండి. స్కెచ్ పెన్ను వద్దు, రెండో పక్కకు దిగుతుంది.